పెదపూడి వారి అమ్మాయి

పెదపూడి రామకోటేశ్వరరావు గారు ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, విజయవాడ బస్టాండులో కంట్రోలరుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక కొందరు గుళ్ళు పట్టుకుంటారు, కొందరు టీవీ పట్టుకుంటారు. ఈయన పిల్లల్ని పట్టుకున్నారు. ఆదివారం వచ్చిందంటే పటమటలోని తమ అపార్టుమెంటు పిల్లల్ని నలుగురైదుగురిని వెంటేసుకుని బస్సెక్కేవారు. ఒక వారం ఉండవల్లి గుహలు, ఒక వారం పడవెక్కి భవానీ ద్వీపం, ఇంకో వారం మంగళగిరి కొండ. ఏ మెట్టు దగ్గర కోతులుంటాయో, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయో, ఏ పిల్లకి బస్సులో వాంతులవుతాయో అన్నీ ఆయనకు కంఠోపాఠం. పిల్లలు ఆయనకు ‘టూరు తాతగారు’ అని పేరు పెట్టారు. ఆ పిలుపు వింటే ఆయన మొహం చాటంత అయ్యేది.

“నా బస్సులో పిల్లలందరూ ఒకటేనండీ” అని అడిగినవాళ్ళకీ చెప్పేవారు, అడగనివాళ్ళకీ చెప్పేవారు. మంచి పని చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని లిఫ్టులో నిలబెట్టి నలుగురికీ చెప్పడం ఒక ఎత్తు. రెండోది అలవాటైన మనిషి ఏదో ఒక రోజు తన మాటకే దొరికిపోతాడు.

ఆయన వెంట తప్పకుండా ఉండేవాళ్ళు ఇద్దరు. ఒకతె మనవరాలు అపూర్వ. రెండో పిల్ల మూడో అంతస్తులో అద్దెకుండే అంతోని కూతురు శాలిని. ఇద్దరూ ఒకే స్కూల్లో మూడో తరగతి. అంతోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. ఆదివారం కూడా డ్యూటీ పడుతుంది కాబట్టి పిల్లని ఈయనకు అప్పజెప్పి నిశ్చింతగా వెళ్ళిపోయేవాడు.

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం రామకోటేశ్వరరావు గారి కులసంఘం వనభోజనాలు పెట్టింది. ఇబ్రహీంపట్నం అవతల, కృష్ణ ఒడ్డున ఒక మామిడితోటలో. అపూర్వ నాలుగు రోజుల ముందే శాలినికి చెప్పేసింది, ఈ వారం తోటకి వెళ్తున్నాం, ఆటలూ బహుమతులూ ఉంటాయని. శాలిని కొత్త గౌను ఇస్త్రీ చేయించుకుంది.

“ఏవండీ, ఇది మనవాళ్ళ భోజనాలు. ఆ పిల్లని తీసుకెళ్తే అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఈ ఒక్కసారికీ వద్దని చెప్పండి” అంది ఆయన భార్య పద్మావతమ్మ.

“అనేవాణ్ణి అననీ. అన్నం పెట్టే చోట కులం ఏంటే? వెళ్ళేది మనం, తీసుకెళ్ళేది నేను” అన్నారాయన. ఇంట్లో కూర్చుని అన్న మాట కదా, గట్టిగానే అన్నారు.

తోట గేటు దగ్గర షామియానా, దాని కింద బల్ల. బల్ల వెనక సంఘం కార్యదర్శి వెంకటసుబ్బారావు. మామిడితోటలో ఉసిరిచెట్టు లేదని, బజారునుంచి ఉసిరికొమ్మ తెచ్చి గేటుకు కట్టి శాస్త్రం సరిపెట్టారు. వచ్చినవాళ్ళందరికీ పేరూ, ఇంటిపేరూ, ఊరూ రాసి గుండెల మీద బ్యాడ్జీ అంటిస్తున్నారు. పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళకు ఆ బ్యాడ్జీలతోనే సగం పని.

“రండి బావగారూ” అని వెంకటసుబ్బారావు అపూర్వకు బ్యాడ్జీ అంటించి, శాలిని వైపు చూశాడు. “ఈ పాపెవరు? ఎవరి తాలూకు?”

“మా కింది ఫ్లాటు పిల్లండీ” అంటే సరిపోయేది. అయిదు సెకన్ల మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని వెనక వరసలో ఆయన వియ్యంకుడి తమ్ముడున్నాడు, ఆ వెనక పాత డిపో స్నేహితులున్నారు. వాళ్ళంతా తననే చూస్తున్నట్టనిపించింది. నిజానికి వాళ్ళు టిఫిన్ల వైపు చూస్తున్నారు.

“మా పిల్లేనండీ. పెద్దన్నయ్య గారి మనవరాలు. పెదపూడి అని రాసెయ్యండి” అన్నారు రామకోటేశ్వరరావు గారు.

అపూర్వ నోరు తెరిచింది. పద్మావతమ్మ దాని భుజం నొక్కింది. ఆయన శాలినిని పక్కకు తీసుకెళ్ళి వంగి, “ఇక్కడ ఎవరన్నా అడిగితే పెదపూడి వాళ్ళ అమ్మాయినని చెప్పమ్మా. నాన్న పేరు అడిగితే చెప్పకుండా నవ్వెయ్” అన్నారు.

“ఆటా తాతగారూ?” అంది శాలిని.

“ఆ, ఆటే.”

ఆట అన్నాక శాలిని ఓడిపోయే పిల్ల కాదు. ఎవరడిగినా టకీమని చెప్పింది. తండ్రి పేరడిగితే నవ్వింది. ఒక ముసలావిడ దాని గడ్డం పుచ్చుకుని, “మన పోలికలు ఎక్కడికి పోతాయి, ఆ ముక్కు చూడండి” అని మురిసిపోయింది. నిమ్మకాయ చెంచా పందెంలో శాలిని మొదటొచ్చింది. వెంకటసుబ్బారావు మైకులో, “పెదపూడి శాలిని. మనవాళ్ళ పిల్లలంటే ఇట్టా ఉండాలి” అన్నాడు. తోటంతా చప్పట్లు. బహుమతిగా వచ్చిన స్టీలు డబ్బా చేతిలో పట్టుకుని శాలిని ముందుగా రామకోటేశ్వరరావు గారి కోసం వెతికింది. ఆట బాగా ఆడానా అన్నట్టు చూసింది. ఆయన చప్పట్లు కొట్టారు. కొడుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ తరవాత విస్తరి ముందు కూర్చున్నారు. పనసపొట్టు కూర ఆయనకు ప్రాణం, అదీ ముట్టలేదు. నిజం చెప్పినా ఆ పిల్లని ఎవరూ గెంటేసేవారు కాదేమో. నలుగురు మొహాలు చూసుకునేవారు, ఒకరు దగ్గేవారు, అంతే. ఆ దగ్గుకు భయపడి, ఎనిమిదేళ్ళ పిల్ల చేత సొంత తండ్రి పేరు మింగించాడు తను.

తిరిగొచ్చేటప్పుడు కారులో శాలిని బ్యాడ్జీ జాగ్రత్తగా ఊడదీసి, నలగకుండా ఆయన చేతికిచ్చింది.

“ఇది మీది కదా తాతగారూ.”

ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారు. ఎక్కడ పారెయ్యాలో తెలియలేదు. పద్మావతమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, “తీసుకెళ్ళకపోతే పిల్ల ఒక పూట ఏడ్చేది. ఇంతకన్నా అదే నయం” అంది.

అంతోనికి చెప్పేద్దామనే మూడో అంతస్తుకు వెళ్ళారు. చెప్పి, క్షమించమని అడగాలి. అంతోని ఎదురొచ్చి కుర్చీ వేశాడు. “మీరుంటే మాకు బెంగే ఉండదండీ. ఈ రోజుల్లో ఇట్టా చూసుకునేవాళ్ళు ఎవరున్నారు?” అన్నాడు. తరవాత కూతురివైపు తిరిగి, “ఏం చేశారమ్మా అక్కడ?” అని అడిగాడు.

శాలిని రామకోటేశ్వరరావు గారి మొహం చూసింది. “ఆటలాడుకున్నాం నాన్నా” అంది. అంతకుమించి చెప్పలేదు. తన కోసం ఆ పిల్ల దాచిపెట్టిందని ఆయనకు అర్థమైంది. టీ తాగి వచ్చేశారు.

తరవాతి ఆదివారం మోకాళ్ళ నొప్పి వంక పెట్టారు. ఆ పై ఆదివారం అపూర్వ ఊరుకోలేదు. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని కొండపల్లి వెళ్ళారు. ఖిల్లా ఎక్కి దిగి, బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నారు. లోపల తెల్ల పొణికి చెక్క చెక్కుతున్న చప్పుడు. ఆ రెండు వారాలూ పడ్డ బాధకు ప్రాయశ్చిత్తంలాగా, ఇద్దరికీ చెరో ఎడ్లబండీ కొంటానన్నారు.

“పేరు రాసిస్తానమ్మా, బండి పక్కన” అన్నాడు బొమ్మలాయన, సన్న కుంచె ఎర్రరంగులో ముంచి. అపూర్వ తన పేరు ఇంటిపేరుతో సహా గడగడా చెప్పింది, ఆయన రాశాడు. “నీ పేరేంటమ్మా?” అని శాలినిని అడిగాడు.

శాలిని అతనికి జవాబు చెప్పలేదు. రామకోటేశ్వరరావు గారి దగ్గరికి జరిగి, ఆయన చెవిలో మెల్లిగా అడిగింది.

“ఇక్కడ ఏ పేరు చెప్పాలి తాతగారూ?”

ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీ పేరే చెప్పమ్మా. ఎక్కడైనా నీ పేరే చెప్పు” అన్నారు.

“శాలిని” అని చెప్పింది.

“ఇంటిపేరు కూడా రాయనా? చోటుంది” అన్నాడు బొమ్మలాయన.

“వద్దండి” అంది శాలిని, తాతగారి వైపు చూడకుండా.

రాయండి, తప్పకుండా రాయండి అని చెప్పబోయారు రామకోటేశ్వరరావు గారు. నోరు తెరిచాక తెలిసింది. మూడేళ్ళుగా తన చెయ్యి పట్టుకుని తిరుగుతున్న ఆ పిల్ల ఇంటిపేరేమిటో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.