మూడో అంకంలో చచ్చిన నా విషాదనాటకం

ఒక నాటకాన్ని చంపడానికి ఎంతసేపు పడుతుందో నాకు కచ్చితంగా తెలుసు. నలభై ఏడు నిమిషాలు. చంపింది ప్రేక్షకులూ మా ఆయనా. కత్తికి సాన పట్టి వాళ్ల చేతికి అందించింది మాత్రం నేనే. పదకొండేళ్ల నాటి మాట. అప్పటికి నాకు అరవై ఒకటి. బుద్ధి రావలసిన వయసే. రాలేదు, ఏం చేస్తాం.

ఆ ఏడాది మేముండే జర్మనీ ఊరు బ్రెమెన్‌లో సాయంత్రం బడికి వెళ్లి, ఫ్రెంచివాళ్ల పాత విషాదనాటకాల మీద పన్నెండు తరగతులు విన్నాను. ఒక్కటీ మానలేదు. పన్నెండు తరగతులకే ఫ్రాన్సు మొత్తాన్ని కొంగున ముడేసుకున్నట్టు తిరిగాను. ప్రేమించకూడని మనిషిని ప్రేమించడం, సొంతవాళ్లే ద్రోహం చేయడం, అయిదో అంకంలో విషం. ఇంతే కదా, మనం రాయలేమా అనుకున్నాను. మీరే చెప్పండి, వంట చూసినవాళ్లందరూ హోటలు పెడతారా? నేను పెట్టాను.

అప్పట్లో మా తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిని నేనే. ఉగాదికి ఏటా పిల్లల డాన్సు, అంత్యాక్షరి, పులిహోర. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. కమిటీ మీటింగులో ప్రకటించాను.

"ఈసారి అయిదంకాల విషాదనాటకం. రచన, దర్శకత్వం నేనే."

"పండగపూట ఏడుపెందుకండీ?" అన్నారు అధ్యక్షులు మూర్తిగారు. ఆయన గుండె డాక్టరు.

"మీకు పులిహోర తప్ప ఏం తెలుసు? హాల్లో ఒక్కరైనా కన్నీరు పెట్టకపోతే ఈ పదవి అక్కడే వదిలేస్తాను. రాసుకోండి."

రాసుకున్నారు. జర్మనీలో ముప్పై ఏళ్లున్న మనిషి, ఏది చెప్పినా రాసుకుంటారు.

కథేమిటంటే, ఒక రాజు శత్రువును చంపి, అతని కూతురిని కోటలో బందీగా ఉంచుతాడు. ఆమెను ఎవరూ ప్రేమించకూడదని శాసనం. యువరాజు సరిగ్గా ఆమెనే ప్రేమిస్తాడు. రాజుగా మా ఆయన్ను పెట్టాను, పెట్టుడు గడ్డం నప్పుతుందని. యువరాజు కిరణ్, విమానాల ఇంజినీరు. బందీ శ్రావణి, చదువుకుంటున్న పిల్ల.

మొదటి రిహార్సల్లోనే శ్రావణి అడ్డుకుంది.

"ఆంటీ, రాజుగారిని ఏమని పిలవాలి?"

"ప్రభూ అను."

"రాణిగారిని?"

"అమ్మగారూ అను."

"గిన్నెలు తోమే పిల్లలా ఉంది ఆంటీ."

నిజమే. వరస లేకుండా తెలుగువాళ్ల నోరు కదలదు. ఇంటికెళ్లి ఆలోచించాను. ద్రోహం ఇంట్లోనే జరగాలి కదా? చచ్చిన శత్రువును రాణికి సొంత తమ్ముడిగా మార్చేశాను. ద్రోహం చిక్కబడింది, పిలుపులూ కుదిరాయి. ఆ పిల్లకు రాజు మామయ్య, రాణి అత్తయ్య, యువరాజు బావ. నా తెలివికి నేనే మురిసిపోయి వరసగా రెండు కాఫీలు తాగాను.

పద్నాలుగు రిహార్సళ్లలో ఈ బుర్రకు తట్టనిది జనానికి తట్టడానికి పద్నాలుగు క్షణాలు పట్టలేదు.

ఉగాది తర్వాతి శనివారం, సరిగ్గా మూడింటికి తెర లేచింది. నూట అరవై కుర్చీల్లో నూట యాభై రెండు నిండాయి. తెర పక్కనుంచి కన్నీళ్ల కోసం వెతుకుతున్నాను. రెండంకాలు గడిచినా అన్ని కళ్లూ ఎండిన చెరువుల్లా ఉన్నాయి. మూడో అంకంలో శ్రావణి కిరణ్ కాళ్ల మీద పడింది.

"బావా! మన ప్రేమ మహాపాపం. నన్ను మరిచిపో!"

మొదటి వరసలో మూర్తిగారి అత్తగారు, భీమవరం నుంచి ఆరు నెలలకని వచ్చిన మనిషి, కూతురి వైపు తిరిగింది.

"ఏమే, ఆ పిల్ల వాడికి ఏమవుతుంది?"

"మేనమామ కూతురమ్మా."

"మరి పాపమేమిటే? హక్కున్న పిల్ల!"

అంతే. హాలంతా అందుకుంది. "వరస కుదిరింది కదండీ!" "చంపినవాడు ఎలాగూ చంపాడు, పిల్లనైనా ఇంటికి తెచ్చుకోమనండి!"

పాపం కిరణ్, నేర్పిన మాట నేర్పినట్టే గుండె బాదుకున్నాడు. "ఈ లోకం మనల్ని ఒప్పుకోదు!"

"ఒప్పుకున్నాం!" అంది హాలు.

"వెళ్లండి! ఇద్దర్నీ చెరలో వేయించండి!" అని మా ఆయన్ను వేదిక మీదకు తోశాను. ఆయన చెప్పవలసిన మాటలు పదకొండు వాక్యాలు. కిరీటం సర్దుకుని, హాలు వైపు చూసి, నా వైపు చూసి, ఒక్కటీ చెప్పలేదు.

"రాణీ, నీ తమ్ముడి విషయంలో తొందరపడ్డాను. పిల్లను మనమే చేసుకుందాం. శాసనం రద్దు!"

"నాకెప్పట్నించో అదే కోరికండీ!" అంది రాణి. చూశారా, రాణి కూడా!

పూజపళ్లెంలోని అక్షింతలు గాల్లోకి లేచాయి. హాలు చూసుకునే జర్మన్ ఆయన పరుగున వచ్చి, పెళ్లయితే వేరే ఫారం నింపాలన్నాడు. నాలుగో అంకం, అయిదో అంకం ఈ రోజుకీ ఎవరూ చూడలేదు. విషమని కలిపి పెట్టిన ద్రాక్షరసం ఎవరో తాగేశారు.

వంటగదిలో మా ఆయన్ను పట్టుకున్నాను. "సొంత పెళ్లానికే ద్రోహమా?"

ఆయన మెల్లగా గడ్డం ఊడదీసుకున్నారు.

"నువ్వు నా మేనమామ కూతురివి. మా అమ్మ కోరి తెచ్చుకున్న కోడలివి. ముప్పై ఆరేళ్ల కాపురం తర్వాత, మరదలిని ప్రేమించడం మహాపాపమని ఊరందరి ముందూ నా చేత చెప్పిస్తావుటే?"

ముప్పై ఆరేళ్ల నాలుగు నెలలు. ఆయనకు నెలలు గుర్తుండవు. నాకు నెలలతో సహా అన్నీ గుర్తుంటాయి, మొగుడు బావేనన్న ఒక్క సంగతి తప్ప.

ఇంతలో మూర్తిగారు ఆనాడు నా మాట రాసుకున్న పుస్తకం పట్టుకుని వచ్చారు, కళ్లు తుడుచుకుంటూ. "నేను కన్నీరు పెట్టానండీ, నవ్వలేక. ఇది చెల్లుతుందా?"

"చెల్లదు" అని, ఆ పుస్తకంలోనే రాజీనామా రాసి సంతకం పెట్టాను.

కాబట్టి సభాముఖంగా శపథం చేస్తున్నాను. ఇకమీదట విషాదనాటకం జోలికి పోను. గతిలేక రాయవలసివస్తే, అందులో రాజు మొదలు బంటు దాకా అందరూ అనాథలే.