రెండుసార్లు మోగే బెల్లు

ఏడో తరగతిలో గంట కొట్టగానే గోడ దూకి పారిపోయినవాణ్ణి నేను. చివరికి అరకు వృద్ధాశ్రమంలో మంచానికో కాలింగ్ బెల్లు బిగించి, అక్కడే ఉండి వాటిని చూసుకునే పనే నా నెత్తిన పడింది.

అక్కడ ఒంటరి గదిలో ఉండే కొండ అవ్వ స్విచ్చి ఒకసారి నొక్కి, ఆగి, మళ్లీ నొక్కేది. మనిషిని పిలిచినా రెండుసార్లే. అడవిలో ఒక్కసారే పిలిచేది మనిషి కాదట, దానికి పలకకూడదట.

"దెయ్యం తీగలో దూరితే దానికి షాకు కొట్టదేటి అవ్వా?" అని ఏడిపించేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

ఒక మంచు పట్టిన పొద్దున ఆ గది బెల్లు ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆయా లేవలేదు.

"ఒక్కపాలే మోగింది. అవ్వ కాదు, ఎల్లకు" అంది.

నేను నవ్వుకుంటూ వెళ్లాను. అవ్వ స్నానాలగది గడప దగ్గర పడి ఉంది. తడిబట్టల్లో వణుకుతోంది, గొంతు పెగలడం లేదు. ఇంకాసేపైతే చలికే పోయేది. ఎత్తి పడుకోబెట్టి దుప్పట్లు కప్పాను. స్విచ్చి మాత్రం మంచం మీద, దిండు పక్కనే ఉంది.

ఆమెకు మాట వచ్చాక, "ఒక్కసారే కొట్టినావేటి అవ్వా, కరెంటు బిల్లు మిగులుద్దనా?" అన్నాను.

అవ్వ స్విచ్చి వైపు చూసింది.

"నాను కొట్టనేదురా గుంటడా. ఒక్క పిలుపుకే పలికీసినావు. ఇంక అది నిన్ను మరిసిపోదు."