పేరు దగ్గర ఆగే స్క్రిప్టు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డిశ్చార్జి కాగితాలు టైపు చేసే ప్రసన్నకుమారికి ఒక అలవాటు. కళ్లజోడు ముక్కు కొసకు జారినా పట్టించుకోదు గానీ, పేషెంటు పేరు కొట్టగానే "మళ్లా ఈడికి రావద్దు నాయనా" అని మెల్లగా అనుకోనిదే ముందుకు పోదు. ఆమె వేళ్ల కీళ్లు వాచిపోతుంటే చూడలేక, పక్క సీటు దయానంద్ కంప్యూటర్లో ఒక స్క్రిప్టు రాసిపెట్టాడు. అది తనంతట తానే ఎక్సెల్ తెరిచి, వివరాలు తీసి, వర్డులో నింపి, ప్రింటుకు పంపేస్తుంది. మొదటిరోజు ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని బిక్కమొహం వేసింది. "పేర్లు కంటబడకుండానే పోతాండాయబ్బా. నేనెవురికని చెప్పేది?" దయానంద్ నవ్వలేదు. ప్రతి పేరూ తెరమీద కనబడి, ఆమె ఎంటర్ నొక్కేదాకా స్క్రిప్టు ఆగేట్టు మార్చాడు.

మొన్న ఆమెకే అదే ఆస్పత్రిలో అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. ఇంటికెళ్లే రోజు కాగితం కోసం వీల్‌చైర్‌లో తన సీటు పక్కనే కూర్చుంది. ఆమె సెలవు తీరేదాకా ఆ సీట్లో పని చూస్తున్నది దయానందే. తెరమీద ఆమె పేరు వచ్చి ఆగింది. "మళ్లా ఈడికి..." అని మొదలుపెట్టి, అతను చప్పున నాలుక కరుచుకున్నాడు. "తొందరగా ఈడికే వచ్చేయక్కా" అన్నాక గానీ ఎంటర్ నొక్కలేదు.