డ్రైవరమ్మ అన్న ‘మీరా’

పైకా అన్నది అతని అసలు పేరు కాదు. లిఫ్టులోకి ఎవరెక్కినా, తను నేల మీద చతికిలబడి బోల్టులు బిగిస్తున్నా సరే, తలెత్తకుండా “పైకా? కిందికా?” అని అడుగుతాడు. అడిగీ అడిగీ ఆ మాటే పేరై కూర్చుంది. చదువు మధ్యలో మానేసి స్పానరు పట్టిన దగ్గర్నుంచీ లిఫ్టులే అతని బతుకు. ఊరందరినీ పైకి పంపించాడు గానీ తను మాత్రం ఇంతవరకూ పైకి రాలేదని మేస్త్రీ వెక్కిరిస్తుంటాడు. మేస్త్రీ అంటే ఆ కంపెనీలో అతనికన్నా ముందు చేరిన మెకానిక్. పని తక్కువ, నోరు ఎక్కువ.

పైకాకు పెళ్లి కాలేదు. బావ పోయాక అక్క ఒంటరిదైంది, తమ్ముడు ముందునుంచీ ఒంటరివాడే. ఇద్దరూ కలిసి ఒక టైర్ల కొట్టు మీద రెండు గదులు తీసుకున్నారు. ముందు గదిలో అక్క కుట్టుమిషను, వెనక గదిలో అతని మంచం, ఆ మంచం కింద పాత లిఫ్టుల ఇనుప సామాను. ఒకరినొకరు తిట్టుకోకుండా ఆ ఇంట్లో పూట గడవదు. తిట్టుకోవడం ఆగిందంటే ఎవరికో జ్వరమని అర్థం.

అలాంటివాడికి దక్షిణ అమెరికాలో స్నేహితురాలు ఉందంటే ఎవరూ నమ్మరు. మొదట్లో అక్కా నమ్మలేదు.

ప్రపంచంలో లిఫ్టుల పిచ్చి ఉన్నవాళ్లంతా చేరిన గుంపు ఒకటి అతని ఫోన్లో ఉంది. మడత ఇనుప తలుపుల పాత లిఫ్టులు, పగిలిన కప్పీలు, తెగిన తాళ్లు, ఇవే అందులో బొమ్మలు. ఒకరోజు అందులో ఎవరో ఆడమనిషి తన భవనంలోని లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతోందని, రిపేరుకు వచ్చినవాళ్లు చూసి పోవడమే తప్ప బాగుచేయడం లేదని మొత్తుకుంది. పైకా ఆమెను అడిగిన ప్రశ్నలు ఏ డాక్టరూ రోగిని అడిగి ఉండడు. ఆగేముందు చప్పుడొస్తుందా, ఎలాంటి చప్పుడు, తలుపు గట్టిగా వేసినప్పుడా మెల్లగా వేసినప్పుడా అని. చివరికి తలుపు పడిందో లేదో పసిగట్టే కాంటాక్టుకు మురికి పట్టిందని తేలింది. తుడిపించింది. లిఫ్టు కదిలింది. మాటలూ కదిలాయి.

ఆమె సిటీ బస్సు డ్రైవరు. సముద్రమంత వెడల్పున్న నది ఒడ్డున పెద్ద నగరం ఆమెది. ఆ నగరం పేరు అక్క నోరు తిరగక “డ్రైవరమ్మ ఊరు” అనేసింది, ఇంట్లో అదే ఖాయమైంది. అక్కడ వీధుల్లో జనం డోళ్లు వాయిస్తారట, రోడ్డు పక్కనే నాట్యమాడతారట, సాయంత్రమైతే ఇళ్లలో ఉండరట. ఇవన్నీ పైకా చెబుతుంటే అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, పనీపాటా లేని ఊరన్నమాట అని తేల్చేసింది.

రాతలన్నీ ఫోన్లోని అనువాద యంత్రం ద్వారానే నడిచేవి. ఆ యంత్రానికి మర్యాద ఎక్కువ. ఎవరు ఎవరితో మాట్లాడినా ‘మీరు’ అనే రాస్తుంది, వీధికుక్కనైనా సరే. పైకాకు అది నచ్చలేదు. డ్రైవరమ్మకు తన గొంతుతో రికార్డు చేసి ‘నువ్వు’ నేర్పించాడు. స్నేహితులు ఒకరినొకరు నువ్వనే అనుకుంటారని, మీరు అనేది పైవాళ్లకూ పరాయివాళ్లకూ అని వివరించాడు. అప్పట్నుంచీ ఆమె ఏ సందేశం పంపినా చివర తన సొంత గొంతుతో “నువ్వు బాగున్నావా” అని ఒక ముక్క జోడించేది. దీర్ఘాలు మింగేసి, ఒత్తులు ఎగ్గొట్టి ఎలా పలికినా, పైకా చెవికి అంతకన్నా చక్కని తెలుగు లేదు.

మీరు అనే మాటతో అతని అనుభవం వేరు. పనిచేసే భవనాల్లో అందరూ అతన్ని నువ్వనే అంటారు. “ఏయ్, ఇంకా ఎంతసేపు?” అన్నా నొచ్చుకోడు. ఎవరైనా హఠాత్తుగా మీరు అన్నారంటే మాత్రం గుండె జారుతుంది. “మీరు రేపట్నుంచి రానక్కర్లేదండీ” అన్నది ఒక భవనం సెక్రటరీ. “మీరు ఇంకో బ్యాంకు చూసుకోండి” అన్నది ఒక మేనేజరు. బావను ఆస్పత్రిలో చేర్చుకోనప్పుడు కూడా ఆ తలుపు దగ్గర మనిషి ఎంతో మర్యాదగా మీరు మీరు అంటూనే బయటికి పంపాడు. బీదవాడి మొహాన తలుపు వేసేముందు మడతబందులకు రాసే నూనె ఆ మర్యాద. చప్పుడు రాకుండా మూసుకుంటుంది.

ఆ ఊరు చూడాలన్న కోరిక ఎప్పుడు పుట్టిందో అతనికే తెలియదు. పాస్‌పోర్టు వచ్చేదాకా అక్కకు చెప్పలేదు. చెప్పాక మిషను మీది గోడకు ఆ నగరం మ్యాపు అంటించాడు. డ్రైవరమ్మ బస్సు పోయే దారిని ఎర్ర సిరాతో గీశాడు. అందులో ప్రతి మలుపూ అతనికి నోటికి వచ్చు. ఇక్కడ ఎండలు మండేటప్పుడు అక్కడ చలి కాలమని తెలిసి అక్క చేత కోటు కుట్టించుకున్నాడు.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట,” అంది అక్క, భుజాల కొలత తీసుకుంటూ. “ఇంతకీ ఆవిడ నిన్ను రమ్మందా?”

“రమ్మంది.”

“ఎక్కడ ఉండమంది?”

పైకా హోటలు చూసుకుంటానని గొణిగాడు. అక్క టేపు మెడలో వేసుకుని, అంత దూరం పోయి హోటల్లో పడుకోవడానికి ఇక్కడ హోటళ్లు లేవా అని ఒక్క విసురు విసిరింది. ఆ విసురు అతని ఒంట్లో ముల్లులా దిగింది. రెండు రోజులు మథనపడి, మూడోనాడు తెగించి రాసేశాడు. నీ ఇంట్లో ఉండవచ్చా అని.

ఇన్నాళ్ల స్నేహంలో అతను ఆమెను ఏదీ అడగలేదు. అడగని మనిషిగా ఉండటం సుఖం. ఎవరూ కాదనరు.

జవాబు వచ్చినప్పుడు అతను ఒక భవనం పైకప్పు మీద, మోటారు గదిలో ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు. ఫోన్‌ను మోచేత్తో నొక్కి, టూలు సంచి మీద బోర్లా పెట్టి విన్నాడు. ఆమె ఎప్పుడూ రాతో మాటో పంపేది, చూడాల్సినది ఏదైనా పంపుతుందని అతనికి తోచలేదు. వెనక డోళ్ల మోత. ఆ మోత మీదుగా ఆమె గొంతు, నవ్వుతో సహా, స్పష్టంగా: “మీరా... మీరా!” ఆ తర్వాత ఆమె భాషలో గబగబా ఏవో మాటలు. మళ్లీ నవ్వు. మళ్లీ “మీరా.” చివర ఉండాల్సిన “నువ్వు బాగున్నావా” లేదు.

మీరా? నా ఇంట్లోనా? మీరా?

అతను మళ్లీ వినలేదు. యంత్రానికి వినిపించి ఉంటే నిమిషంలో తేలిపోయేది, కానీ దెబ్బ తగిలినచోట వేలు పెట్టి చూసుకునే రకం కాదు అతను. చేతులు తుడుచుకుని, పైన ఏముందో చూడకుండా కింద టైపు చేశాడు: క్షమించండి, ప్రయాణం మానుకున్నాను. యంత్రం దాన్ని ఆమె భాషలోకి మార్చి పంపేసింది. దానికి మొహమాటాలుండవు.

ఆమె నుంచి జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు.

అక్కకు చెప్పినప్పుడు, ఎప్పుడూ వద్దన్న మనిషి కాస్తా మిషను ఆపేసింది. జరిగినదంతా విప్పించింది. “మీరు అన్నందుకు మానుకున్నావా?” అంది చివరికి. “మీ బావకు నా మీద కోపమొస్తే ‘అమ్మగారూ, మీరు’ అనేవాడు. అన్నప్పుడల్లా పుట్టింటికి పోయుంటే నా కాపురం రోడ్డు మీదే అయ్యేది.”

“ఆయన నీ మొగుడు. ఈమె నాకేమవుతుంది?”

“అదేరా నేనడిగేది. ఏమవుతుంది?”

పైకా మ్యాపు వైపు చూడకుండా వెనక గదిలోకి పోయాడు. అతివినయం ధూర్తలక్షణమని ఊరికే అనలేదని అక్కకు వినబడేలా అన్నాడు. ధూర్తురాలైతే రమ్మనేదిరా పిచ్చోడా అని అక్క ఇవతలి నుంచి అంది. సీటు పట్టి ఉంచిన టికెట్ల ఏజెంటు ఫోను చేశాడు. శనివారం కొట్టు మూసేలోగా ఏదో ఒకటి తేల్చకపోతే సీటు పోతుందన్నాడు. సరేనన్నాడు పైకా. ఏది సరేనో ఇద్దరికీ తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం వర్క్‌షాపులో తిండి తిన్నాక మేస్త్రీ అలవాటుగా ఫోను తీసి లిఫ్టుల గుంపులో కొత్త వీడియోలు చూస్తున్నాడు. పైకా అటు తిరిగి పడుకున్నాడు. ఉన్నట్టుండి వెనక నుంచి మగగొంతు ఒకటి, బండగా: “మీరా, మీరా!”

పైకా లేచి కూర్చున్నాడు.

“ఏంట్రా, తేలు కుట్టిందా?” అన్నాడు మేస్త్రీ.

“అది మళ్లీ పెట్టు.”

మేస్త్రీ పెట్టాడు. బొద్దు మీసాల మెకానిక్ ఒకడు చీకటి లిఫ్టు గుంతలో టార్చిలైటు వేసి, పోగులు లేచిపోయిన ఇనుప తాడును వేలితో చూపిస్తున్నాడు. “మీరా,” అన్నాడు తాడుతో. లైటు కప్పీ మీదికి తిప్పాడు. “మీరా,” అన్నాడు కప్పీతో. కింద రాసిన ఊరి పేరు చూస్తే డ్రైవరమ్మ ఊరే.

“తాడును మీరంటాడేమిట్రా వీడు?” అని నవ్వాడు మేస్త్రీ. “నాకంటే మర్యాదస్తుడే.”

పైకా నవ్వలేదు. తాడును ఎవడూ మీరనడు. చూడమంటున్నాడు. ఇటు చూడు, ఇది చూడు అంటున్నాడు. వేలు ఎటు పోతే ఆ మాట అటు పోతోంది.

మెట్ల మీదికి పోయి తన ఫోను తీశాడు. అన్నాళ్లూ చూడకుండా వదిలేసిన సందేశం దగ్గరికి వెళ్లాడు. అది వట్టి మాట కాదు, వీడియో. చిన్న గది. కిటికీ పక్కన మంచం, కొత్త దుప్పటి. మీరా, అంటూ ఆమె వేలు దుప్పటిని తట్టింది. గోడకు కొత్తగా కొట్టిన మేకు. మీరా, కోటు తగిలించుకోవడానికి. కిటికీ తెరిచింది, కింద వీధిలో డోళ్లవాళ్లు సాధన చేస్తున్నారు. మీరా. ఆ వీధిని ఇంకాస్త చూపించడానికి కెమెరాను బయటికి చాపి నవ్వింది. అక్కడితో వీడియో తెగిపోయింది. నువ్వు బాగున్నావా అనడానికి చోటు మిగల్లేదు.

పైకా మెట్ల మీద కూలబడ్డాడు. ఎవరూ వెయ్యని తలుపు తనే వేసుకుని, బయట నిలబడి ఏడ్చిన మొనగాడు. అక్కడ ఇంకా పొద్దున్నే. ఆమె డిపోలో ఉండే వేళ. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఫోను కొట్టాడు.

ఎత్తింది. వెనక బస్సు ఇంజన్ల చప్పుడు.

ఆమె భాషలో క్షమాపణ మాట ఒకటి అతనికి వచ్చు, అది చెప్పాడు. వచ్చిన రెండు ముక్కల ఇంగ్లీషులో, రాని నాలుగు ముక్కల ఆమె భాషలో, మీరా అంటే తమ భాషలో ఇంకో అర్థం ఉందని చెప్పబోయాడు. చెప్పేకొద్దీ చిక్కుపడింది. ఆమె ఆగమంది. ఫోను పెట్టేసింది. అతను ఆ మెట్టు మీదే, ఫోను పట్టుకుని కూర్చున్నాడు. చాలా పెద్దదే రాస్తున్నట్టుంది, ఎంతకీ రాదు. చివరికి వచ్చింది.

నిండా మీరులే, యంత్రం వేసినవి. అతను వాటినన్నిటినీ నువ్వులుగా మార్చుకుని చదివాడు. లిఫ్టు ఆగితే ఏ చప్పుడు వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని నన్ను గుచ్చి గుచ్చి అడిగావు. నా మాట అర్థం కాకపోతే ఒక్కసారి అడగలేదు. నువ్వు రావడం లేదన్నావని నా సెలవు ఇంకో డ్రైవరుకు ఇచ్చేశాను. అతను భార్యతో ఊరికి పోతున్నాడు, తిరిగి అడగలేను. నాకు చాలా కోపంగా ఉంది. గది అలాగే ఉంది. వస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను బండి మీదే ఉంటాను, నీకు ఊరు చూపించడానికి ఎవరూ ఉండరు. నా వెనక సీట్లో కూర్చుంటే ఎంత కనిపిస్తే అంత.

రమ్మనీ లేదు, వద్దనీ లేదు. కోపం మాత్రం దాపరికం లేకుండా ఉంది. పైకా దాన్ని ఇంకోసారి చదివాడు, వెతకని చోట ఇంకేమైనా దాగుందేమోనని. ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇంటికి పరుగెత్తాడు. అక్క ఎవరిదో జాకెట్టు కుట్లు విప్పదీస్తోంది. ఊపిరి తీసుకోకుండానే అంతా చెప్పాడు, తాడును మీరన్న మీసాలవాడితో సహా. అక్క నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి, ఆవిడకు పట్టిన కోపం న్యాయమైనదేనంది.

“ఆమెకు సెలవు లేదే అక్కా,” అన్నాడు.

“నీకుందిగా?”

అతను గోడ మీది మ్యాపు వైపు చూశాడు.

“ఎర్ర సిరాతో గీశావు కదా దారి. అటూ ఇటూ ఆ దారిలోనే తిరుగు. నీకేమన్నా కొత్తా? జీవితమంతా ఒకే గుంతలో పైకీ కిందికీ తిరిగినవాడివి.” గడియారం వైపు చూసి గదిమింది. “ఇంకా నిలబడ్డావేం? ఏజెంటు నీ కోసం దీపం పెట్టుకుని కూర్చుంటాడనా?”

పాస్‌పోర్టు జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. ఏజెంటు కొట్టు రెండు సందుల అవతల. పరుగెత్తుతుంటే దారిలో ఎవరో ఏమైందని అడిగారు, ఆగలేదు. వెళ్లేసరికి షట్టరు సగం దించేసి ఉంది. లోపల దీపం ఆరిపోలేదు. ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. అయిపోయింది బాబూ, సోమవారం రండి అన్న గొంతు వినిపించింది, ఎంతో మర్యాదగా.

పైకా వంగి, షట్టరు కిందనుంచి లోపలికి దూరాడు.