గిటారు ఆయన విరిగిన గోరు

గిటారు ఆయన ఎడమచేతి గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటాడు. తీగలు మీటే కుడిచేతి గోళ్లను మాత్రం కంటికి రెప్పలా కాపాడుకుంటాడు. బస్సులో ఆ చేత్తో కడ్డీ కూడా పట్టుకోడు. తమ నలుగురి బృందంలో రెండు వయొలిన్లు, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో కలిసి మోగితే తన తీగ ఎవరికీ వినపడదన్న బాధను ఆరేళ్లుగా కడుపులోనే దాచుకున్నాడు. ఇవాళ వాయించబోయే కొత్త స్వరరచనలో ఒక పేజీ అచ్చంగా గిటారుదే. సరిగ్గా కచేరీకి గంట ముందు, గిటారు పెట్టె గడియలో ఇరుక్కుని కుడి చూపుడువేలి గోరు విరిగింది. "ఆ పేజీ నేను లాగించేస్తాలే గురూ," అన్నాడు మొదటి వయొలిన్ ఆయన. "నువ్వు ఊరుకో! అన్నీ నీకే కావాలి," అంటూ చెల్లో ఆవిడ హాలు పక్కనున్న ఆటలగదిలోంచి పింగ్‌పాంగ్ బంతి తెచ్చి, గోరంత ముక్క కత్తిరించి, వేలికి జిగురుతో అతికించింది. "కదలకు అన్నయ్యా, పెళ్లికూతురికైనా ఇంత సేవ చెయ్యలేదు నేను." వేదిక మీద ఆ పేజీ రాగానే మూడు కమానులూ తీగల మీంచి లేచి ఆగాయి. ఆయన మీటాడు. చివరి వరుసలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.