గ్రేస్ మేడమ్ తొలి క్లాసు

కాలేజీలో అడుగుపెట్టిన మొదటి రోజే అక్కణ్ణుంచి గెంటించుకునే పరిస్థితి తెచ్చుకున్నవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేను మాత్రం హైస్కూలు దాటకముందే ఆ ఘనత సాధించాను. అప్పుడే నవ్వకండి. ముందుంది అసలు భాగోతం.

అప్పట్లో మేం కెనడాలోని మిల్టన్‌లో ఉండేవాళ్లం. కాకినాడ నుంచి వచ్చి మూడేళ్లయింది. నేను పన్నెండో తరగతి. మా స్కూల్లో ఒక సదుపాయం ఉండేది. ఎంపికైన పిల్లలు హైస్కూల్లో చదువుతూనే పక్క ఊళ్లోని కాలేజీకి వెళ్లి ఒక కోర్సు చేయవచ్చు. ఫీజు లేదు. మార్కులు రెండు చోట్లా చెల్లుతాయి. నాకు ‘బిజినెస్ కమ్యూనికేషన్’ అనే కోర్సులో సీటు వచ్చింది.

“ఉచితంగానా?” అంది అమ్మ నమ్మలేక. “అయితే ఒక్కటే తీసుకున్నావేంటే? ఇంకోటి కూడా ఇమ్మని అడక్కపోయావా?”

“ఒకటి కొంటే ఒకటి ఇవ్వడానికి అదేమైనా చీరల కొట్టా అమ్మా?”

“అడిగితే పోయేదేముంది?”

మా స్కూలు కౌన్సెలర్ మాత్రం నన్ను గదిలోకి పిలిచి మెల్లగా చెప్పింది. “గ్రేస్, ఈ సీటు కోసం చాలామంది ఎదురుచూస్తున్నారు. కాలేజీ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా నిన్ను వెనక్కి పిలిపిస్తాను.” నేను తల ఊపాను. నామీద ఫిర్యాదా? పరీక్షలో పక్కవాడికి రబ్బరు ఇవ్వాలన్నా టీచర్ని అడిగే రకాన్ని నేను.

నా భయమల్లా చిన్నపిల్లలా కనిపిస్తానేమోనని. అందుకని అమ్మ ఇంటర్వ్యూల కోసం కొనుక్కున్న నల్ల కోటు వేసుకున్నాను. జుట్టు ముడి పెట్టాను. చేతిలో ఫైలు పట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే, మీకు లోను రాదండీ అని చెప్పడానికి సిద్ధంగా ఉన్న బ్యాంకు ఆఫీసరులా కనిపించాను. నాకు బ్రహ్మాండంగా నచ్చింది. నా కొంప ముంచింది ఆ కోటే.

ఆ ఏడాది మన తెలుగు విద్యార్థులు కెనడాకి వరదలా వచ్చారు. కాలేజీలో గదులు చాలలేదు. పక్కనున్న మాల్‌లో సినిమా హాళ్లను పొద్దున పూట అద్దెకు తీసుకుని క్లాసులు పెట్టారు. పొద్దున్నే పాప్‌కార్న్ వాసన పీలుస్తూ పాఠం వినాలన్నమాట. నేను లోపలికి వెళ్లేసరికి హాలు హౌస్‌ఫుల్. కుర్చీల మీద, మెట్ల మీద, ఎక్కడ చూసినా జనమే. తెర ముందు మాత్రం ఒక బల్ల, దాని మీద ఒక మైకు ఉన్నాయి.

ఎక్కడైనా చోటుందేమో అడుగుదామని బల్ల దగ్గరికి వెళ్లి, “ఎక్స్‌క్యూజ్ మీ” అన్నాను.

మైకు ఆన్‌లో ఉంది. ఆ రెండు మాటలూ హాల్లోని స్పీకర్లన్నిటి నుంచీ ఆకాశవాణిలా మోగాయి. గోల ఠక్కున ఆగిపోయింది. ముందు వరసలో ఒకబ్బాయి ఉలిక్కిపడి లేచాడు. వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ వరస, ఆ వరసను చూసి హాలంతా లేచి నిలబడింది.

“గుడ్ మార్నింగ్, మేడమ్!”

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. ‘అయ్యో, నేను మేడమ్‌ని కాదు’ అనేవారు. అది తెలివిగలవాళ్లు చేసే పని. నాకు ముందు వీళ్లు కూర్చుంటే చాలు దేవుడా అనిపించి, “ప్లీజ్ సిట్ డౌన్” అన్నాను.

అందరూ కూర్చున్నారు. పెన్నులు తీశారు.

“మేడమ్ శాన చిన్నగున్నది కదరా,” అన్నాడు ముందు వరసబ్బాయి పక్కవాడితో, నాకు అర్థం కాదనుకుని. నాకు ఫక్కున నవ్వొచ్చింది. మైకు ఆ నవ్వును కూడా హాలంతా పంచిపెట్టింది.

“మేడమ్... మీరు తెలుగా?” అన్నాడు వాడు పాలిపోయిన మొహంతో.

“అవునండి,” అన్నాను.

ఇక హాలు ఊరి జాతరే అయిపోయింది. చేతులు లేస్తూనే ఉన్నాయి.

“మేడమ్, నా పేరు శ్రీకాంత్. మాది కరీంనగర్. అటెండెన్స్‌కు మార్కులుంటయా?”

“ఉండకపోవచ్చు.” నాకేం తెలుసు? కానీ నేనలా అనగానే వెనక వరసల్లో చప్పట్లు.

“మేడమ్, అసైన్‌మెంట్ లేట్‌గా సబ్మిట్ చేయొచ్చా అండి?” అని ఒక గుంటూరమ్మాయి.

“రెండు రోజుల వరకూ ఏం ఫర్వాలేదు.”

మళ్లీ చప్పట్లు. ఇంతమంది ఒక్కసారిగా నన్ను మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు. బుర్రలో బుద్ధి అనేది ఏమైనా ఉంటే అది అప్పుడే కోటు జేబులో దూరి నిద్రపోయింది. చలికి ఏ బూట్లు కొనాలో, బస్సు పాస్ ఎక్కడ దొరుకుతుందో, ఇంటి ఓనరు హీటరు తగ్గిస్తే ఏమనాలో అన్నీ చెప్పేశాను. అవి నాకు నిజంగానే తెలుసు. శ్రీకాంత్ శ్రద్ధగా రాసుకుంటున్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. తడిసిన చలికోటు, వీపున బ్యాగు, చేతిలో కాఫీతో ఒకాయన రొప్పుతూ వచ్చాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. నన్ను చూసి ఆగిపోయాడు.

“ఇది... బిజినెస్ కమ్యూనికేషన్ క్లాసేనా?” అన్నాడు ఇంగ్లీషులో.

“అవును. మీరు చాలా ఆలస్యంగా వచ్చారు,” అన్నాను. మైకులోనే. “మెట్ల మీద ఎక్కడైనా చోటు చూసుకోండి.”

ఆయన కిక్కురుమనకుండా వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపు నన్ను, కాసేపు తన ఫోన్ని చూసుకున్నాడు. తరువాత వంగి, ఎవరికీ అడ్డం రాకుండా బయటికి వెళ్లిపోయాడు. సినిమా నచ్చనివాడు ఇంటర్వెల్‌కి ముందే లేచిపోయినట్టు అనిపించింది నాకు. ‘చదువు మీద శ్రద్ధ లేదు పాపం’ అని కూడా అనుకున్నాను.

కాసేపటికి ఆయన తిరిగి వచ్చాడు. ఈసారి పక్కన, మెడలో కాలేజీ కార్డు వేలాడుతున్న పెద్దావిడ ఉంది.

“మీరెవరు?” అంది ఆవిడ. “ఈ క్లాసు చెప్పాల్సింది డేనియల్ కదా? మేం ఇంకెవర్నీ పంపలేదే!”

నేను డేనియల్ వైపు చూశాను. డేనియల్ కాఫీ వైపు చూశాడు.

“నేను గ్రేస్‌ని. పన్నెండో తరగతి,” అన్నాను.

 బయట యంత్రంలో పాప్‌కార్న్ పేలడం హాల్లోకి వినబడింది. శ్రీకాంత్ తను రాసుకున్న కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, “అంటే... ఇంటర్ సెకండియరా మేడమ్?” అన్నాడు.

ఆవిడ నన్ను బయటికి తీసుకెళ్లింది. డేనియల్ వెంట వచ్చాడు. కౌన్సెలర్ మాటలు గుర్తొచ్చి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సీటు పోతుంది. అమ్మకి ఏం చెప్పాలి? మైకు సంగతి, వాళ్లు లేచి నిలబడ్డ సంగతి ముక్కు ఎగబీలుస్తూ చెప్పాను.

“మరి నువ్వెందుకు నోరు మెదపలేదు డేనియల్?” అని ఆవిడ ఆయన మీదికి తిరిగింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నాకు ఇది మొదటి ఉద్యోగం, మొదటి క్లాసు. బస్సు తప్పిపోయి ఆలస్యమైంది. అప్పుడే నా స్థానంలో ఇంకొకర్ని పెట్టేశారనుకున్నాను. పైగా...” అని ఒక క్షణం ఆగాడు. “భాష నాకు అర్థం కాలేదు కానీ, ఆవిడ చాలా బాగా చెబుతున్నారు.”

పెద్దావిడ గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కోపంతో అనుకున్నాను. నవ్వుతోందట.

సీటు పోలేదు. ఫిర్యాదూ వెళ్లలేదు. కానీ మా కౌన్సెలర్‌కి సంగతి తెలియాలి కాబట్టి ఆవిడ ఫోన్ చేసింది. కౌన్సెలర్ మా ఇంటికి చేసింది. నేను ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. తిట్లకు సిద్ధపడ్డాను.

“కాలేజీలో పాఠం చెప్పేవంట?”

“పొరపాటున అమ్మా...”

“పొరపాటున చెబితేనే అంతమంది చప్పట్లు కొట్టేరా? ఆ మాస్టారు ఇంకాసేపు ఆగి రావాల్సింది!”

ఆ ఆదివారం మేం వెళ్లే తెలుగు చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం, అంటే దేవుడు తమకు చేసిన మేళ్లను లేచి అందరికీ చెప్పే సమయం వచ్చింది. అమ్మ లేచి నిలబడింది. నేను కుర్చీలోంచి కిందికి జారాను.

“నా బిడ్డను నేను విద్యార్థినిగా పంపితే, దేవుడు ఉపాధ్యాయురాలిగా నిలబెట్టాడండి!”

“స్తోత్రం!” అంది సంఘమంతా.

పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. “మన సండే స్కూలుకి టీచర్ లేక ఎన్నాళ్లనుంచో ప్రార్థిస్తున్నాం. ఈ రోజు ప్రార్థన ఫలించింది. గ్రేస్ సిస్టర్ ఇప్పుడే వెళ్లి మొదలుపెడతారు.”

“ఆమెన్!”

వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆంటీలు నన్ను కింది గదిలోకి తోసేశారు. అక్కడ పదిమంది పిల్లలు. ఒక్కరూ లేవలేదు. ఒకడు బల్ల కింద ఉన్నాడు. ఇద్దరు చిప్స్ ప్యాకెట్టు కోసం కొట్టుకుంటున్నారు. రెండు జడల పిల్ల ఒకతి నన్ను కిందనుంచి పైదాకా చూసి, “ఆర్ యూ ఈవెన్ ఎ రియల్ టీచర్?” అంది.

కాలేజీలో అంతమంది పెద్దవాళ్లకు తట్టని ప్రశ్న ఆరేళ్ల పిల్లకు తట్టింది.

కాబట్టి యావన్మంది ముందు నేను చేస్తున్న ప్రమాణం ఏమిటంటే, ఇకపై ఈ జన్మలో నన్ను చూసి ఎవరు లేచి నిలబడినా సరే, నేను వెంటనే నేల మీద కూర్చుండిపోతాను. నన్ను ఎవరు ఎంత బతిమాలినా, ఆఖరికి మా అమ్మ సాక్ష్యం చెప్పినా, లేవను.