పెళ్లికూతురి మెడలో ఉక్కు తీగ

కూర్మన్నపాలెంలో ఆనందకుమార్ ఇల్లెక్కడంటే తెల్లమొహం వేస్తారు గాని, ‘టెస్టింగు మేస్టారి ఇల్లు’ అంటే ఎవరైనా చూపిస్తారు. స్టీల్ ప్లాంటులో ఉన్నంతకాలం కడ్డీలను సాగదీసి, వంచి, ఏది ఎంత బరువుకు తెగుతుందో తేల్చడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కడ్డీలు దొరక్క ఇంట్లో సామాను మీద పడ్డాడు. ప్లాస్టిక్ కుర్చీ, బట్టలారేసే తాడు, పక్కింటివాళ్లు మరిచిపోయిన గొడుగు అన్నీ ఆయన పరీక్షలో తప్పాయి.

భార్య ఫ్లోరెన్స్ మాత్రం ఈ గోలతో సంబంధం లేనట్టు కిటికీ పక్కన కూర్చుని ముత్యాలు గుచ్చుకునేది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. చర్చిలో ఎవరి దండ తెగినా ఆవిడ దగ్గరికే వచ్చేది.

ఫ్లోరెన్స్ చెల్లెలి కూతురు ఫెబాకు పెళ్లి కుదిరింది. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని ఆ పిల్లకి. పెళ్లిలో అమ్మమ్మ ముత్యాల దండే వేసుకోవాలని ముచ్చటపడింది. దాని దారం చీకిపోయి ఉండటంతో, కొత్తగా గుచ్చమని తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

ఫ్లోరెన్స్ పట్టుదారం ఉండ తీసింది. ఆనందకుమార్ కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చాడు.

“ఏటిది? పెళ్లికూతురు మెడలో దారవేటి ఫ్లోరీ?”

“పట్టుదారవండీ. మెత్తగా ఒదుగుతాది. ముత్యానికీ ముత్యానికీ మజ్జిన ముడేత్తే, తెగినా ఒక్కటే రాల్తాది.”

“అసలు తెగడవెందుకు?” అని ఆయన బాల్కనీలోకి నడిచాడు.

ఊచకు పట్టుదారం కట్టి, దానికి బకెట్ వేలాడదీసి, మగ్గుతో నీళ్లు పోయడం మొదలెట్టాడు. బకెట్ అడుగు తడిసిందో లేదో దారం పుటుక్కుమంది. నైలాన్ దారం సాగి సాగి బకెట్‌ను నేల మీద కూర్చోబెట్టింది. గాజువాక వెళ్లి కొనుక్కొచ్చిన సన్నటి ఉక్కు తీగ మాత్రం నిండు బకెట్‌ను మోస్తూ గాలికి దర్జాగా ఊగింది. కన్నకొడుక్కి ఫస్టుక్లాసు వచ్చినంతగా ఆయన మొహం వెలిగిపోయింది.

“సూసావా?”

“మెడకి బకెట్టు తగిలించుకోని ఎల్తాదేటండీ పిల్ల? ఉక్కు తీగైతే ముత్యం కన్నాన్ని లోపల్నుంచి కోసేత్తాదంట.”

“ఎవులన్నారు?”

“వీడియోలో సెప్పారు.”

“ఆ వీడియోకి సర్టిఫికెట్టుందా?”

ఫ్లోరెన్స్ దగ్గర సర్టిఫికెట్టు లేదు. పెళ్లి ముందురోజు ఆవిడ పాటల ప్రాక్టీసుకు చర్చికి వెళ్లి వచ్చేసరికి, ఆనందకుమార్ దండ మొత్తం ఉక్కు తీగకు ఎక్కించేసి, రెండు కొసలూ కలిపి పటకారుతో నొక్కేసి కూర్చున్నాడు. ఒక్క ముడి లేదు.

“గుచ్చీసినాను. తెగనిదానికి ముడెందుకు?” అన్నాడు.

ఆవిడ తల పట్టుకుంది. తీగ విప్పి, మళ్లీ అన్ని ముళ్లూ వేసే వ్యవధి లేదు.

తెల్లారి ఫెబా మెడలో ఆ దండ ఒదగలేదు. మెడకి తగిలించిన టైరులా చుట్టూ నిలబడింది.

“పెదనాన్నా, ఇది ఒంటికి ఆనట్లేదు.”

“బలవైన వస్తువు అలాగే నిలబడతాది తల్లీ.”

చర్చి నిండిపోయింది. పాస్టరు గారు ప్రార్థనకు తలలు వంచమన్నారు. అందరూ వంచారు, పెళ్లికూతురు తప్ప. మెడ వెనక పొడుచుకొచ్చిన తీగ కొస మేలిముసుగులో చిక్కుకుని, వంగబోతే జుట్టు లాగేస్తోంది. ఆ పిల్ల గడ్డం పైకెత్తి సీలింగు కేసి చూస్తూ నిలబడింది. ఏముందోనని పెళ్లికొడుకు కూడా పైకి చూశాడు.

“ఎంత బక్తమ్మా, పరలోకం వైపే సూత్తంది!” అని వెనక బెంచీలో ఒకావిడ కళ్లొత్తుకుంది.

ప్రార్థన కాగానే ఫ్లోరెన్స్ పరుగున వెళ్లి లాగి చూసింది. తీగ రాలేదు. చివరికి మైకుసెట్టు అతని దగ్గర కటింగు ప్లేరు తెచ్చి నొక్కారు. ముందు బెంచీలో ఆనందకుమార్ నొక్కులు లెక్కపెట్టాడు. రెండో నొక్కుకు గాని తెగలేదని అంత కంగారులోనూ ఆయనకి కొంచెం గర్వంగానే ఉంది.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. ఆపే ముడి ఒక్కటీ లేక ముత్యాలన్నీ పాలరాతి నేల మీద టపటపా దూకి బెంచీల కిందికి పరుగెత్తాయి. ఫ్లోరెన్స్ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన వెంటనే మోకాళ్ల మీద పడ్డాడు. పాక్కుంటూ ముందుకెళ్లి, వేదిక మెట్టు కింద దొర్లినదాని కోసం నుదురు నేలకి ఆనించాడు.

మోకాళ్ల నొప్పులని ఏళ్ల తరబడి ఏ ఆరాధనలోనూ మోకరించని మనిషి అలా సాగిలపడటం చూసి పాస్టరు గారు మైకు అందుకున్నారు.

“సహోదరులారా! ఆనందకుమార్ గారిని చూడండి. బిడ్డ పెళ్లి కోసం ఎలా విరిగి నలిగి ప్రార్థిస్తున్నారో! మనమూ మోకరిద్దాం.”

చర్చి చర్చంతా మోకరించింది. మోకాలి కింద ముత్యం గుచ్చుకున్నవాళ్లల్లా “అబ్బా” అనబోయి “స్తోత్రం” అన్నారు. ముత్యాలన్నీ అలా దొరికాయి. ఫెబా బోసిమెడతో హాయిగా తల వంచి పెళ్లి చేసుకుంది.

తర్వాత ఫ్లోరెన్స్ వాటిని పట్టుదారానికి గుచ్చుతుంటే, ఆనందకుమార్ పక్కన చేరి తనూ ఒకటి వేస్తానన్నాడు. మొదటి ముడి ముత్యానికి బెత్తెడు దూరంలో పడింది.

“ముడి వదులుగా ఉండగానే అందులో సూది పెట్టి ముత్యం దాకా తొయ్యండి. అప్పుడు బిగించాల,” అందావిడ.

చాలా దారం పాడయ్యాక ఒకటి సరిగ్గా కూర్చుంది. ఇక అక్కణ్నుంచి ఆయన్ని పట్టలేకపోయారు. ఇప్పుడు దండలు పట్టుకొచ్చిన ఆడవాళ్లకి తలుపు తీసేది ఆయనే. ముత్యానికి పట్టుదారమే ఎందుకు, ముడి ఎందుకు అని గుమ్మంలోనే నిలబెట్టి చెప్తాడు. ఫ్లోరెన్స్ వాళ్ల చేతిలో దండ అందుకుని లోపలికెళ్లి, ఆయన ఉపన్యాసం ముగిసేలోగా గుచ్చి తెచ్చి ఇచ్చేస్తుంది.